దేవుని సమయము – మన ఉపాయము

ధ్యాన భాగము: ఆదికాండము 27, 28, 32, 33 అధ్యాయములు



తాతల నాటి నుండి పొరుగు రాష్ట్రాలలో స్థిరపడి, ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడుకొంటూ ప్రభువును ఆరాధిస్తున్న మన సంఘాలన్నిటితో కలిసి ఈ నెల ఒక పాత కథను మరలా ధ్యానించాలని ఆశిస్తున్నాము. ఆదివారపు బడిలో చిన్న పిల్లలుగా ఉన్నప్పుడే మనమందరము విన్న కథ ఇది. యాకోబు మేకపిల్లల చర్మము చేతులకు చుట్టుకొని, అన్న బట్టలు కట్టుకొని, చూపు లేని తండ్రి ఎదుట నిలిచిన కథ. అది మనకు కొత్త కాదు. కాని దానిలో ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క ఎంతో కాలముగా మా కండ్ల ఎదుటనే ఉన్నా, మా సంఘము ఒక దెబ్బ తిన్న తరువాతనే మేము దానిని చూడగలిగాము. ఆ సంగతి కూడా దాచకుండా మీతో చెప్పుకొంటాము.

1. వాగ్దానము ఉన్నది, ఓపిక లేదు

ముందుగా రిబ్కా విషయములో మనము న్యాయముగా మాట్లాడాలి. ఆమె కోరినది చెడ్డది కాదు. కవలలు గర్భములో పెనుగులాడుతున్నప్పుడు ఆమె యెహోవా యొద్ద విచారించింది. పెద్దవాడు చిన్నవానికి దాసుడవుతాడని దేవుడే ఆమెకు తెలియజేశాడు (25:23). ఆ మాటను ఆమె ఏండ్ల తరబడి మనస్సులో దాచుకొన్నది. ఇస్సాకు మాత్రము ఆ మాటను ప్రక్కకు పెట్టి, వేట మాంసము మీది ఇష్టము కొద్దీ ఏశావును పిలిచి, నేను చావకముందు నిన్ను ఆశీర్వదిస్తాను, పోయి వేటాడి తెమ్మన్నాడు. రిబ్కా చాటున ఆ మాట విన్నది.

ఆ నిమిషములో ఆమెకు ఏమి తోచి ఉంటుంది? సాయంత్రానికి ఏశావు తిరిగి వస్తాడు. ఆశీర్వాదము వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళు నమ్మిన దేవుని మాట ఈ పూటతో నేల పాలవుతుంది. ఇప్పుడు నేను ఏదైనా చేయకపోతే ఇక ఎవరు చేస్తారు?

ప్రియులారా, ఉపాయము పుట్టేది ఇక్కడనే. దేవుడు మాట్లాడలేదు అనే అవిశ్వాసములో నుండి కాదు. దేవుడు మాట్లాడాడు గాని ఆలస్యము చేస్తున్నాడు అనే భయములో నుండి అది పుడుతుంది. అందుకే అది లోకస్థుల కంటె విశ్వాసులకే ఎక్కువ అపాయము. లోకస్థుడు తన కోసము మోసము చేస్తాడు, అది తప్పని అతనికి తెలుసు. విశ్వాసి అయితే దేవుని పేరు చెప్పి చేస్తాడు. తప్పని కూడా తోచదు.

యాకోబు భయపడినది దేనికో గమనించండి. ఇది పాపము కదమ్మా అని అతడు అనలేదు. తండ్రి తడిమి చూస్తే దొరికిపోతానేమో, దీవెనకు బదులు శాపము వస్తుందేమో అన్నాడు (27:12). ఆ శాపము నా మీదికి రానీ అని తల్లి అభయమిచ్చింది. తండ్రి, ఇంత త్వరగా నీకు వేట ఎలాగు దొరికింది కుమారుడా అని అడిగినప్పుడు యాకోబు ఇచ్చిన జవాబు మరీ ఘోరమైనది. నీ దేవుడే దానిని నా ఎదుటికి రప్పించాడు అన్నాడు (27:20). అబద్ధమునకు దేవుని సాక్షిగా పిలిచాడు.

2. తొందరకు కారణమే లేదు

ఇప్పుడు ఆ లెక్క చూద్దాము. పెన్సిలు తీసికొని బైబిలు ప్రక్కన పెట్టుకొంటే ఎవరికైనా తేలుతుంది.

యోసేపు ఫరో ఎదుట నిలిచినప్పుడు అతనికి 30 ఏండ్లు (41:46). ఆ తరువాత సమృద్ధి గల సంవత్సరములు 7. కరవు 2 సంవత్సరములు గడచినప్పుడు తన అన్నలకు తన్ను తెలియజేసికొన్నాడు (45:6). అంటే యోసేపుకు అప్పటికి 39 ఏండ్లు. యాకోబు ఐగుప్తుకు వచ్చి ఫరోతో తన వయస్సు 130 అని చెప్పాడు (47:9). కాబట్టి యోసేపు పుట్టినప్పుడు యాకోబుకు సుమారు 91 ఏండ్లు. యోసేపు పుట్టినది లాబాను యొద్ద ఇద్దరు భార్యల నిమిత్తము చేసిన 14 ఏండ్ల కొలువు ముగిసిన వేళ (30:25, 31:41). ఆ 14 తీసివేస్తే, యాకోబు ఇల్లు విడిచిపెట్టినప్పుడు అతని వయస్సు సుమారు 77. కవలలు పుట్టినప్పుడు ఇస్సాకుకు 60 ఏండ్లు (25:26). అంటే ఆశీర్వాదము దొంగిలింపబడిన ఆ రోజున ఇస్సాకు వయస్సు సుమారు 137.

ఇస్సాకు అన్నయైన ఇష్మాయేలు 137వ ఏట మరణించాడు (25:17). అన్న పోయిన వయస్సుకు తానూ వచ్చానని ఇస్సాకు దిగులు పడినాడేమో! చూపు మందగించింది, మరణ దినము ఎప్పుడో తెలియదు అన్నాడు. ఇల్లంతా ఆ మాట నమ్మింది. ఏశావు నమ్మాడు, రిబ్కా నమ్మింది, యాకోబు నమ్మాడు. కాని ఇస్సాకు మరణించినది ఎన్నవ ఏట? 180వ ఏట (35:28)!

అంటే ఆ రోజు తరువాత ఆయన ఇంకా 43 ఏండ్లు బ్రతికాడు.

ఈ ఒక్క అంకె దగ్గర మనము కొంచెము ఆగాలి. ఈ సాయంత్రమే అంతా అయిపోతుందని ఆ తల్లి వంటింటిలో పరుగులు పెట్టింది. దేవుని చేతిలో ఇంకా 43 సంవత్సరములు ఉన్నాయి. ఇస్సాకు మనస్సు మార్చడానికి, ఏశావును సమాధానపరచడానికి, యాకోబును సత్యవంతునిగా తీర్చిదిద్దడానికి దేవునికి కావలసినంత సమయము ఉన్నది. సమయము లేదని తోచినది రిబ్కాకే.

3. మా సంఘములో జరిగినది

మా ఊరి పేరు ఇక్కడ వ్రాయడము లేదు. తెలుగు నేలకు బయట, మా తాతలు రైలు పనికి వచ్చి స్థిరపడిన పట్టణము అని చెబితే చాలు. మూడు తరాలుగా మేము అద్దె చోట్లలో ఆరాధించాము. ఒకరింటి మేడ మీద కొన్నాళ్ళు, రేకుల షెడ్డులో కొన్నాళ్ళు. పండుగ పూట పొయ్యి వెలిగించుకొనే చోటు కూడా మాది కాదు. చివరికి సంఘమంతా చీటీలు కట్టి, కానుకలు కూర్చి, ఒక చిన్న స్థలము కొన్నాము. ఆ రోజు ఆ ఖాళీ నేల మీద మోకరించి ఏడ్చిన వారు ఎందరో!

ప్లాను ఆమోదము కొరకు వెళ్ళినప్పుడు ఒక మధ్యవర్తి మాతో ఇలాగు అన్నాడు: ప్రార్థన మందిరము అని వ్రాస్తే రెండేళ్ళు పడుతుంది, అసలు వస్తుందో రాదో కూడా తెలియదు. నివాస గృహము అని వ్రాస్తే రెండు నెలలలో పని అవుతుంది. తరువాత ఎవరు చూడవచ్చారు?

పెద్దలమైన మేము కూర్చుండి మాట్లాడుకొన్నాము. ప్రార్థన కూడా చేశామండీ, ఆ మాట దాచము. కాని అది అడిగే ప్రార్థన కాదు. ముందే నిర్ణయించుకొన్న దానికి వేయించుకొనే ముద్ర. మాలో ఒకరు, ఇది మన కోసమా, దేవుని పని కోసమే కదా అన్నారు. అందరమూ తల ఊపాము. క్రిస్మస్ నాటికి శ్లాబు పడాలని మా ఆశ. నివాస గృహము అని వ్రాసి, సంతకాలు పెట్టి ఇచ్చాము. మధ్యవర్తి అడిగినదీ ఇచ్చాము.

కాగితము రెండు నెలలలోనే వచ్చింది. దేవుడే త్రోవ తెరిచాడని ఆదివారము నాడు స్తుతి చెల్లించాము. యాకోబు తండ్రితో చెప్పిన మాటకూ ఆ స్తుతికీ ఎంత దూరమున్నదో మీరే ఆలోచించండి.

గోడలు లింటెల్ దాకా లేచాయి. అప్పుడు ఇరుగు పొరుగు వారు చూసి, ఇది ఇల్లులాగా లేదే అని ఫిర్యాదు చేశారు. అధికారులు వచ్చారు, కొలిచారు, నోటీసు అంటించి పని ఆపించారు. వారి మీద కోపపడడానికి మాకు నోరు లేదు. వారు చెప్పినది నిజము, మేము వ్రాసినది అబద్ధము. ఆ వీధిలోని ఒక పెద్దాయన మాతో, దేవుని పేరు చెప్పుకొనే మీరే ఇలాగు వ్రాస్తే ఎలాగండీ అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఇటుక, సిమెంటు నష్టము కంటె ఆ నష్టము పెద్దది.

4. ఉపాయము వసూలు చేసిన వడ్డీ

రిబ్కా యాకోబుతో, నీ అన్న కోపము చల్లారే వరకు కొన్నాళ్ళు హారానులో ఉండు, తరువాత నేనే పిలిపిస్తాను అన్నది (27:44, 45). ఆ కొన్నాళ్ళు 20 సంవత్సరములైనాయి (31:38). ఆమె పిలిపించినట్టు లేఖనములో ఎక్కడా లేదు. తల్లీ కుమారుడూ మరలా ముఖాముఖిగా కలిసికొన్నట్టు కూడా ఎక్కడా లేదు. యాకోబు తిరిగి వచ్చిన తరువాత ఆమె దాది దెబోరా మరణము వ్రాయబడింది (35:8). ఆయన హెబ్రోనుకు చేరి తండ్రిని చూచినట్టు వ్రాయబడింది (35:27). రిబ్కా గూర్చి మాత్రము, మక్పేలా గుహలో ఆమెను పాతిపెట్టారు అన్న మాట ఒక్కటే చివరకు మిగిలింది (49:31). శాపము నా మీదికి రానీ అన్న తల్లి, ఏ కుమారుని కొరకు అంతా చేసిందో ఆ కుమారునికే దూరమైనది.

యాకోబు సంగతి చూడండి. చీకటిలో తండ్రిని మోసము చేసినవాడు చీకటిలోనే మోసపోయాడు. రాహేలు అనుకొన్నది లేయా అని తెల్లవారి తెలిసింది. ఎందుకిలాగు చేశావని అడిగితే, మా దేశములో పెద్దదాని కంటె ముందు చిన్నదానిని ఇవ్వరు అన్నాడు లాబాను (29:26). పెద్దవాని చోట నిలిచిన చిన్నవానికి ఆ మాట ఎలాగు తగిలి ఉంటుంది? అంతటితో అయిపోలేదు. అన్న బట్టలు, మేకపిల్లల చర్మము పెట్టి తండ్రిని మోసగించిన యాకోబును, ఏండ్లు గడచిన తరువాత అతని కుమారులు ఒక అంగీతోను మేక రక్తముతోను మోసగించారు (37:31). అవే రెండు వస్తువులు.

దేవుడు యాకోబును విడిచిపెట్టలేదు. వాగ్దానము తప్పలేదు. అయితే సూటిగా నడిచి చేరవలసిన చోటికి అతడు ముళ్ళ దారిలో చుట్టు తిరిగి చేరాడు.

మా సంఘములో కూడా ఒక తల్లి ఉండేది. స్థలము కొనేటప్పుడు తన చెవుల కమ్మలు తీసి కానుక పళ్ళెములో పెట్టింది. మన గుడిలో ఒక్కసారి కూర్చుని పాడితే చాలు అనేది. పని ఆగిన రోజులలోనే ఆమె ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. లింటెల్ దాకా లేచి నిలిచిపోయిన ఆ గోడల ప్రక్కగా ఆమె పెట్టెను మోసికొని వెళ్ళాము. ఆ దినము పెద్దలమైన మాలో ఎవ్వరమూ ఒకరి ముఖము ఒకరము చూచుకోలేకపోయాము.

5. దొంగిలింపవలసిన అవసరమే లేదు

ఇంకొక సంగతి చాలమంది గమనించరు. 27వ అధ్యాయములో యాకోబు మోసముతో పొందిన దీవెనలో ఏమున్నది? ఆకాశపు మంచు, భూమి సారము, ధాన్యము, ద్రాక్షారసము, సహోదరుల మీద ప్రభుత్వము. మంచివే. అయితే అబ్రాహాముకు దేవుడు వాగ్దానము చేసిన సంతానము, అతడు పరదేశిగా తిరిగిన ఆ దేశము, వీటిని గూర్చిన దీవెన అక్కడ లేదు. అది 28వ అధ్యాయములో ఉన్నది (28:3, 4). దానిని ఇస్సాకు ఎప్పుడు ఇచ్చాడు? మోసము బయటపడిన తరువాత. ఎదుట ఉన్నది యాకోబు అని బాగుగా తెలిసి, యాకోబును పిలిచి ఇచ్చాడు. వేషము లేదు, చర్మము లేదు, అబద్ధము లేదు.

అంటే అసలైన ఆశీర్వాదము యాకోబుకు బహిరంగముగా, ఉచితముగా దొరికింది. దొంగిలించినది మాత్రము అతనికి ఇల్లు లేకుండా చేసింది. మన ఉపాయముతో మనము సంపాదించేది ఎప్పుడూ చిన్నదే. దేవుడు ఇవ్వడానికి సిద్ధపరచినది దాని కంటె పెద్దది.

ఆ రాత్రి యాకోబు రాతిని తలక్రింద పెట్టుకొని పండుకొన్నప్పుడు దేవుడు బేతేలులో అతనికి ప్రత్యక్షమై, నీకు తోడైయుండి మరల ఈ దేశమునకు రప్పిస్తానని మాట ఇచ్చాడు. ఒక్క గద్దింపు మాట కూడా లేదు. దేవుని కృప ఎంత లోతైనదో చూడండి!

6. నీ పేరేమి?

20 ఏండ్ల తరువాత యబ్బోకు రేవు దగ్గర యాకోబు ఒంటరిగా మిగిలిపోయాడు. తెల్లవారేవరకు ఒకడు అతనితో పెనుగులాడాడు. నన్ను ఆశీర్వదిస్తేనే గాని నిన్ను పోనియ్యనని యాకోబు పట్టుపట్టాడు. అప్పుడు అతనికి ఒక ప్రశ్న వచ్చింది: నీ పేరేమి? (32:27).

దేవునికి అతని పేరు తెలియదా? తెలుసు. కాని ఆశీర్వాదము అడిగిన వేళ అదే ప్రశ్న అతనికి ముందొకసారి ఎదురైంది. నీవెవరవని తండ్రి అడిగితే, నేను ఏశావును అన్నాడు. ఈసారి, నేను యాకోబును అన్నాడు. యాకోబు అనే పేరులో మోసగాడు అనే అర్థము కూడా వినబడుతుందని ఏశావే ఒకప్పుడు ఏడ్చి చెప్పాడు (27:36). ఆ పేరును తన నోటితో తానే ఒప్పుకొన్న నిమిషమున అతనికి కొత్త పేరు దొరికింది. ఇశ్రాయేలు.

మరునాడు ఏమి జరిగింది? సహోదరులు నీకు సాగిలపడుదురు గాక అనే దీవెనను దొంగిలించినవాడు అన్న ఎదుట ఏడు మారులు నేలను సాగిలపడ్డాడు (33:3). కానుక పుచ్చుకొమ్మని అన్నను బ్రతిమాలాడు. ఆ మాటకు హెబ్రీ మూలములో ఉన్నది ఆశీర్వాదము అనే అర్థమిచ్చే పదమే (33:11). అన్న దగ్గర తీసికొన్నది అన్న చేతిలో పెట్టాలని అతడు తహతహలాడాడు. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొన్నాడు. చివరికి ఆ ఇద్దరూ కలిసి తండ్రిని పాతిపెట్టారు (35:29).

ఈ భాగము మేము చదువుకొన్న రాత్రి మా పెద్దల కూటములో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా కాగితము మీద మేము వ్రాసిన పేరు మాకు జ్ఞాపకము వచ్చింది. నివాస గృహము. నేను ఏశావును!

ఆ వారమే మేము కార్యాలయమునకు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పుకొన్నాము. వేసిన జరిమానా కట్టాము. మరలా దరఖాస్తు వ్రాశాము. ఈసారి ఆ గళ్ళలో ప్రార్థన మందిరము అని వ్రాశాము. ఆ రెండు మాటలు వ్రాస్తుంటే చేతులు వణికాయి గాని, గుండె తేలికైనది. తరువాత ఇరుగు పొరుగు ఇండ్లకు ఒక్కొక్కటిగా వెళ్ళి, మీ ఎదుట అబద్ధమాడాము, క్షమించండి అని అడిగాము. మాతో మాట్లాడిన ఆ పెద్దాయన మమ్మును కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. తమకు అభ్యంతరము లేదని ఇద్దరు సంతకము చేశారు. ఒకరు చేయలేదు. చేయనందుకు ఆయనను మేము తప్పు పట్టము.

ఈ మాటలు వ్రాసే వేళకు ఆమోదము ఇంకా మా చేతికి రాలేదు. ఆదివారము సాయంకాలములలో ఒక అద్దె హాలులో కూడుకొంటున్నాము. అయినా ఆ గోడల ప్రక్కగా నడిచేటప్పుడు ఇప్పుడు తల వంచుకోవడము లేదు.

7. మన తాతలు చూచిన ఓపిక

తెలుగు బాప్టిస్టులమైన మనకు ఈ పాఠము కొత్తగా ఎవరూ నేర్పనక్కర లేదు. మన చరిత్రయే ఈ పాఠము.

అమెరికను బాప్టిస్టు మిషను పక్షముగా శామ్యూల్ డే దొర మన దేశమునకు వచ్చినది 1836లో. నెల్లూరులో పని ఆరంభించినది 1840లో. ఏండ్లు గడిచాయి, ఫలము కొద్దిగానే కనబడింది. 1853లో అమెరికాలో జరిగిన వార్షిక కూటములో ఈ తెలుగు పనిని మూసివేయాలా అనే చర్చ వచ్చింది. మూసివేయలేదు. 1854 జనవరి 1న, తెల్లవారుజామున, జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించారు. ఆ ప్రార్థనకు జవాబుగా జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. పన్నెండేళ్ళు! 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

తరువాత 1876 నుండి 1878 వరకు ఆ గొప్ప కరవు వచ్చింది. మద్రాసును తెలుగు తీరముతో కలిపే బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము పనిని క్లౌ దొర కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించాడు. సువార్తికులు పని చూచుకొంటూనే, విరామ సమయములలో వాక్యము చెప్పారు. బాప్తిస్మము అడిగినవారు ఎందరో. ఒక్క మాట అంటే వేలమంది నీటిలో దిగేవారు. అమెరికాకు గొప్ప లెక్కలు వ్రాసి పంపవచ్చును. కాని సుమారు 15 నెలలు ఆయన బాప్తిస్మములు ఆపివేశాడు. అన్నము కొరకు వచ్చారో, ప్రభువు కొరకు వచ్చారో తేలాలి అన్నది ఆయన ఉద్దేశము.

కరవు సహాయము ముగిసిన తరువాత కూడా ప్రజలు వచ్చారు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మము కావాలి అన్నారు. 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంవత్సరము ముగిసేలోగా ఆ లెక్క తొమ్మిది వేలు దాటింది. మనలో ఎంతమంది ముత్తాతలు ఆ యేటి నీటిలో దిగినవారో! ఆకలిని ఎరగా వేసి పట్టుకొన్న చేపలు కాదు వారు. ఆపి ఉంచినా, వచ్చినవారు.

8. కనిపెట్టడము అంటే కూర్చోవడము కాదు

దేవుని సమయము కొరకు కనిపెట్టడము అంటే చేతులు ముడుచుకొని ఉండడము అని ఎవరూ అనుకోవద్దు. కరవులో మన తాతలు కాలువ త్రవ్వుతూ కనిపెట్టారు. దావీదు ఏన్గెదీ గుహలో సౌలు తన చేతికి చిక్కినప్పుడు, దేవుడు నీకు అప్పగించాడని మనుష్యులు ప్రోత్సహించినా, అంగీ అంచు మాత్రమే కోశాడు, దానికే అతని మనస్సు గాయపడింది (1 సమూయేలు 24). అభిషేకము తైలము అప్పటికే అతని తల మీద పోయబడింది. సింహాసనము అతనిదే. అయినా రాజును చంపి రాజు కావడము అతనికి ఇష్టము లేదు. అంతవరకు గొర్రెల మందలను కాపాడాడు, యుద్ధములు చేశాడు, తన వారిని పోషించాడు.

ప్రయత్నమునకూ ఉపాయమునకూ తేడా ఎలాగు తెలుసుకోవాలి? మేము నేర్చుకొన్న మూడు ప్రశ్నలు మీ ముందు పెడుతున్నాము.

మొదటిది: ఈ పనిలో ఎవరి ఎదుటనైనా నా పేరు మార్చి చెప్పవలసి వస్తున్నదా? పిల్లకు సంబంధము చూచేటప్పుడు ఊరు దూరము కదా, ఎవరు విచారిస్తారని జీతము పెంచి చెప్పడము, జబ్బు దాచిపెట్టడము, ఈ కోవలోనివే.

రెండవది: ఈ పని వలన ఏ ఏశావు అయినా ఏడుస్తాడా? సొంత ఊరిలో మిగిలిపోయిన అన్నదమ్ములకు తెలియకుండా తండ్రి ఇంటి కాగితము తన పేర వ్రాయించుకొనేవాడు, సంఘ ఎన్నికలలో పదవి కొరకు రాత్రి పూట ఇండ్లు తిరిగి మరొకరి మీద మాటలు చెప్పేవాడు, గెలిచినట్టు కనబడతాడు. ఆ ఏడుపు దేవుని చెవిని చేరుతుంది.

మూడవది: ఇప్పుడే కాకపోతే ఇక ఎన్నటికీ కాదు అనే భయము నన్ను తరుముతున్నదా? అలాగైతే ఇస్సాకు 43 ఏండ్లను జ్ఞాపకము చేసికోండి.

వీటన్నిటికి మించి మన ప్రభువును చూడండి. రాజ్యములన్నీ ఆయనవే. తండ్రి వాటిని ఆయనకు వాగ్దానము చేశాడు (కీర్తన 2:8). అపవాది ఆయనను కొండ మీదికి తీసికొనిపోయి, సిలువ లేకుండానే ఆ రాజ్యములను ఇప్పుడే ఇస్తానన్నాడు (మత్తయి 4:8-10). తనకు రావలసినదే. అయినా ఆ దారిలో ఆయనకు వద్దు. తన సమయము ఇంకా రాలేదని సహోదరులతో చెప్పాడు (యోహాను 7:6). సమయము వచ్చినప్పుడు వెనుదీయలేదు. ఆ ఓపిక వలననే మనకు రక్షణ కలిగింది. యాకోబు అన్న బట్టలను దొంగతనముగా కట్టుకొని తండ్రి ఎదుట నిలిచాడు. మన జ్యేష్ఠ సహోదరుడైన క్రీస్తు అయితే తన నీతి వస్త్రమును తానే మనకు తొడిగించి తండ్రి ఎదుట నిలువబెడుతున్నాడు. ఇంత ఉచితముగా ఇచ్చిన దేవుడు, ఇల్లు, ఉద్యోగము, పెండ్లి, మందిరము, వీటి విషయములో మరచిపోతాడా?

దేవుడు మీరు కోరినది కోరిన రోజుననే ఇస్తాడని మేము చెప్పలేము. మా తల్లి మందిరము చూడకుండానే వెళ్ళిపోయింది. కాని ఆమె ఇప్పుడు చేతిపని కాని మందిరములో పాడుతున్నదని నమ్ముతున్నాము. మిగిలిన మేము, వ్రాసిన కాగితము సత్యమై ఉండగా, కనిపెడుతున్నాము. మీరును అలాగే కనిపెట్టండి.

ప్రార్థన: మా తండ్రీ, నీవు ఆలస్యము చేస్తున్నావని తలంచి మేము వేసిన త్రోవలను క్షమించు. నీ నామమును మా అబద్ధములకు కప్పుగా వాడుకొన్న దినములను క్షమించు. నీ ఎదుట మా నిజమైన పేరు ఒప్పుకొనే ధైర్యమిమ్ము. పరదేశులుగా ఉన్న మా సంఘములను, మా బిడ్డలను, తగిన కాలమందు నీ చేతితోనే నడిపించు. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొంటున్నాము. ఆమేన్.